నీట నిలిచిన కొండ

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగరము, ఎల్బీనగరము అను పేటలు గలవు. యాత్రలను గూర్చి వ్రాయువారెవ్వరును వీనిని తలపెట్టరు. చార్మినారును, గోలకొండను చూచి తమ దారిని తాము పోవుదురు. మావారి ఉపాధ్యాయవృత్తి నిమిత్తము మేమిచ్చట కాపురముండి పదియేండ్లు దాటినది. ఓపికతో చూచువారికి ఇచ్చటను చూడదగినవి లేకపోలేదు.

దిల్‌సుఖ్‌నగరమున సందడి మెండు. చీరల దుకాణములు, పుస్తకముల అంగళ్లు, పరీక్షలకు తరిఫీదిచ్చు కోచింగు సెంటర్లు, ఆ పిల్లలకొరకు సందుసందునను హాస్టళ్లు. తలపైన మెట్రోరైలు. అది 2018 సెప్టెంబరు నుండి ఎల్బీనగరము దాక నడుచుచున్నది. కొత్తపేటలోని పండ్ల బజారును 2021లో బాటసింగారమునకు తరలించిరి. వేసవి వచ్చినచో మామిడిపండ్ల వాసన లేని ఆ వీధి మాకు వెలితిగా తోచును.

ఇంత సందడి నడుమ, చైతన్యపురికి ఆవల మూసీనది యొడ్డున, కోసగుండ్ల లక్ష్మీనరసింహస్వామి వెలసిన గుట్ట యున్నది. ఆ బండపై బ్రాహ్మీలిపిలో ఒక ప్రాకృత శాసనము గలదు. అది విష్ణుకుండినుల కాలపుది. అందు గోవిందరాజ విహారము పేర్కొనబడినది. అనగా పదునైదు శతాబ్దములకు పూర్వము బౌద్ధభిక్షువులు ఈ ప్రాంతమున నివసించియుండిరన్నమాట! స్వామి దర్శనమునకు వచ్చువారిలో ఎందరు ఆ అక్షరములవంక చూతురో చెప్పజాలము.

మాకా శాసనమును చూపినది మా వీధిలోని పదునెనిమిదేండ్ల బాలిక. పేరు ప్రకటించుట ఆ యింటివారికి సమ్మతము గాదు. ఆమె చిత్రములు వ్రాయును. ఆ బండయొద్ద కూర్చుండి అక్షరముల వంపులను కాగితముపై దింపుకొనుచుండగా, “ఇవన్నియు నీకెందుకమ్మా?” అని అడిగితిమి. “మా ఊరి అక్షరాలూ ఇలాగే ఉంటాయి, అత్తయ్యగారూ” అన్నది. ఆమె ఊరు ఇప్పుడు లేదు. కృష్ణానది నీటిక్రింద నున్నది.

ఎల్బీనగరపు కూడలినుండి దక్షిణముగా పోవు దారిని సాగరు రోడ్డందురు. నూటయేబది కిలోమీటర్లు పోయినచో నాగార్జునసాగరము వచ్చును. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. ఎన్ని లక్షల ఎకరములు పండినవో, ఎందరి కడుపులు నిండినవో అందరెరుగుదురు. నీట మునిగిన లోయలోని పల్లెలలో ఈ బాలిక పూర్వులది యొకటి. లోయ మునిగి, కొండ శిఖరము మాత్రము పైకి మిగిలి, ద్వీపమైనది. అదియే నాగార్జునకొండ.

గత మాఘమాసమున ఆ బాలికతోడను, ఎనుబది నిండిన ఆమె నాయనమ్మతోడను మేమును పోయితిమి. విజయపురి దక్షిణమున లాంచి యెక్కితిమి. ముసలమ్మ దారిపొడుగునను నీటివంకనే చూచుచుండెను. “మా అమ్మ ఆ తవ్వకాల్లో తట్ట మోసిందమ్మా. నేను వెంట వెళ్లి ఆడుకునేదాన్ని” అని చెప్పినది. 1954 మొదలు 1960 వరకు పురాతత్త్వశాఖవారు జరిపిన త్రవ్వకములవి. మునుగకముందే కొన్ని కట్టడములను రాయిరాయిగా విప్పి కొండపైకిని, ఒడ్డుననున్న అనుపునకును చేర్చి తిరిగి నిలిపిరి. ఆ మాటయే మేము చెప్పగా, “రాళ్లను పైకి తెచ్చారు, మంచిదే. మా ఇళ్లను ఎవరు తెస్తారు?” అన్నది. మాకు మారుమాట తోచలేదు.

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇది ఇక్ష్వాకురాజుల విజయపురి. రాజులు యజ్ఞములు చేసిరి. ఇంటి స్త్రీలు బౌద్ధస్తూపములను కట్టించిరి. మహారాజు శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభములెత్తించెను. రాజకుటుంబమునకు చెందని బోధిశ్రీ యను ఉపాసిక సింహళద్వీపపు భిక్షువులకొరకు చైత్యగృహము కట్టించి, ఆ పుణ్యములో పుట్టినింటివారికిని మెట్టినింటివారికిని పాలు పంచి శాసనము చెక్కించినది. ఆ కాలపు గృహిణి చేతిలో అంత ధనమును, స్వాతంత్ర్యమును ఉండెనా యని మేము చాలసేపు ఆలోచించితిమి. చిత్రకారుడును నవలాకర్తయునగు అడివి బాపిరాజుగారు తమ “అడవి శాంతిశ్రీ”కి ఈ విజయపురినే రంగస్థలముగా గైకొనిరి.

మ్యూజియములోని లేతపచ్చవన్నె సున్నపురాతి శిల్పములను చూచి మేము విస్తుపోవుచుండగా, బాలిక మాత్రము మెట్ల మొదట పరచిన అర్ధచంద్రశిల యొద్ద కూలబడినది. అడుగు మోపుచోట అర్ధవృత్తముగా చెక్కిన రాయి యది. సింహళమున అనురాధపురమందును ఇట్టివి గలవు. “నాయనమ్మా, నువ్వు గడప ముందు వేసే ముగ్గు చూడు!” అని కేకవేసినది. ముసలమ్మ వంగి, వ్రేలితో గీతవెంట తడిమి, “ఇది ముగ్గే” అని నిశ్చయించినది. అది నిజమో కాదో పండితులు తేల్చవలెను. బాలిక చిత్రములన్నిటికిని ఇప్పుడదియే మూలము: రాతివన్నె నేల, దానిపై ముగ్గుపిండి తెలుపున సన్నని గీత.

తండ్రికిది నచ్చలేదు. ఆయన మోటారు విడిభాగముల దుకాణమున లెక్కలు వ్రాయును. ఇంజనీరింగు కోచింగునకు అప్పుచేసి రుసుము కట్టియున్నాడు. “బొమ్మలు కూడు పెడతాయా?” అని ఆయన అడిగినది తప్పనుటకు మాకు నోరాడదు. ఊరు పోగొట్టుకొని వచ్చిన యింటివారికి స్థిరమైన జీతమనిన నెంత విలువయో వారికే తెలియును. కాని ఆ పిల్ల లెక్కల పుస్తకపు అంచులనిండ స్తూపములే యున్నవి. మావారు పోయి రెండు సాయంకాలములు మాటలాడిరి. మాసబ్‌టాంకునందలి లలితకళల కళాశాల ప్రవేశపరీక్ష ఒక్కసారి వ్రాయనిత్తునని, కుదరనిచో మరల లెక్కలేనని తండ్రి ఒప్పుకొనెను. ఆ పరీక్ష ఇంకను కాలేదు.

మొన్న మేము పోవుసరికి ఆమె పెద్ద కాగితముపై ద్వీపమును, దాని క్రింద నీటిలో మునిగిన పల్లెను వ్రాయుచున్నది. నాయనమ్మ కండ్లద్దములు సవరించుకొని, “ఇది మా ఇల్లేనంటే? తూరుపు గుమ్మం పెట్టావేమే? మాది ఉత్తరపు గుమ్మం. ముందు చింతచెట్టు” అన్నది. బాలిక రబ్బరు తీసికొని గుమ్మమును చెరిపి, చింతచెట్టు ఎంత యెత్తని అడుగజొచ్చెను.