గిండీ ఇర్రి

మా ఇంట్లో గిండీ అడవిని జింకల తోట అనే అంటాం. పేరు బాగానే ఉంది కానీ అందులో ఒక చిక్కుంది. జింక అన్న ఒక్క మాట కింద అక్కడ రెండు వేరువేరు జంతువులు తిరుగుతున్నాయి. ఒకటి దుప్పి. ఒంటి నిండా తెల్లచుక్కలు, మగదానికి ఏటా రాలి మళ్లీ మొలిచే కొమ్ములు. తమిళంలో పుళ్ళిమాన్. రెండోది కృష్ణజింక. దాంట్లో మగదాన్ని మన పెద్దవాళ్లు ఇర్రి అనేవారు. వయసొచ్చేకొద్దీ ఇర్రి వీపు నల్లబడుతుంది, పొట్ట మాత్రం తెల్లగానే ఉంటుంది. మరలు తిరిగిన కొమ్ములు జీవితాంతం ఊడవు. మా పిల్లలకు రెండూ "డీర్" అయిపోయాయి గనక ఈ తేడా ముందుగా రాసి పెడుతున్నాం.

గిండీలో జింకలు తగ్గిపోయాయని ఎవరితోనైనా అంటే నమ్మరు. సర్దార్ పటేల్ రోడ్డు మీద వెళ్తుంటే కంచె అవతల మేస్తున్నవి కనపడుతూనే ఉంటాయి, ఐఐటీలో హాస్టళ్ల ముందుకే వచ్చి నిలబడతాయి, ఇంకెక్కడ తగ్గాయి అంటారు. నిజమే, వాళ్లు చూసినవి దుప్పులు. పలచబడింది ఇర్రి. పక్కన దుప్పులు నిండుగా ఉండటం వల్లనే ఈ లోటు ఊళ్లో ఎవరి కంటా పడలేదు.

ఈ అడవి కథ పాతదే. గిల్బర్ట్ రోడ్రిక్స్ అనే దొర దగ్గర 1821లో ప్రభుత్వం 35,000 రూపాయలకు కొన్నది. 1910లో రిజర్వు ఫారెస్టుగా ప్రకటించేనాటికి సుమారు 505 హెక్టార్లు, అంటే దాదాపు 1,250 ఎకరాలు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా తలో ముక్కా పట్టుకుపోయారు. 1959లో ఐఐటీ వచ్చింది. గాంధీ మంటపం, రాజాజీ, కామరాజ్ స్మారకాలు వచ్చాయి. 1978లో నేషనల్ పార్కు అన్న పేరు దక్కేసరికి మిగిలింది 270 హెక్టార్లే. పైగా రాజ్‌భవన్‌కొక గోడ, ఐఐటీకొక గోడ. ఒకప్పుడు ఒకే మంద తిరిగిన నేల ముక్కలు ముక్కలైంది. చుట్టూ ఊరే గనక బయటనుంచి కొత్త జింక వచ్చి కలిసే దారి కూడా లేదు.

స్థలం తగ్గితే రెండూ సమానంగా తగ్గాలి కదా, ఇర్రి ఒక్కటే ఎందుకు అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. జవాబు వాటి బతుకు తీరులో ఉంది. దుప్పి పొదల జంతువు. నీడ, ఆకు, దాక్కోను కాస్త చాటు ఉంటే చాలు. ఇర్రి మైదానపు జంతువు. దాని ప్రాణం కళ్లలోనూ కాళ్లలోనూ ఉంది. శత్రువును దూరంనుంచే చూడాలి, చూడగానే అడ్డం లేకుండా పరుగెత్తాలి. మగది తనకంటూ కొంత బయలు ఏర్పరచుకుని, అక్కడ నిలబడి ఆడవాటికి కనపడాలి. చెట్టు మొలిచి చూపుకు అడ్డమొస్తే దానికి ఆ చోటు పోయినట్టే. గిండీలో అలాంటి బయలంటే ముఖ్యంగా పోలో గ్రౌండ్ అనే గడ్డినేల. అలాంటి గడ్డినేలల మీదికే సర్కారు తుమ్మ పాకింది, ముళ్ల పొదలు లేచాయి. ఐఐటీలోనూ బయళ్లు ఉన్నచోట భవనాలు, రోడ్లు, లేదా మనుషులు ముచ్చటపడి నాటిన చెట్లు. పచ్చదనం పెరిగినకొద్దీ దుప్పికి పండగ, ఇర్రికి ఇరుకు. దుప్పుల్ని అయితే 1940ల చివర్లో తెచ్చి వదిలారని చెబుతారు. వచ్చినవాళ్లు స్థిరపడ్డారు, ముందున్నవాళ్లు మూలకు జరిగారు. (ఇది చదివి మద్రాసు గురించి ఏదో ధ్వనిస్తున్నామని అనుకోకండి!)

దీనికి తోడు ఊరకుక్కలు. పొదల్లో దుప్పి తప్పించుకునేంత సులువుగా, గోడల మధ్య చిన్న ముక్క మైదానంలో ఇర్రి తప్పించుకోలేదు. ఎంత పరుగున్నా చివర గోడే. ఇక మనం పారేసే ప్లాస్టిక్ సంచులు ఏ జింక కడుపులోకైనా వెళ్తాయి.

మన ఇళ్లకు ఇర్రి పరాయిది కాదు. ఒడుగు చేసేటప్పుడు జంధ్యానికి కట్టే చిన్న తోలుముక్క కృష్ణాజినమే. కృష్ణజింక సహజంగా తిరిగే నేల యజ్ఞానికి తగిన నేల అని ధర్మశాస్త్రం చెబుతుంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ తోలు అమ్మడం, కొనడం నేరం. అది సబబే. కానీ తోలుముక్క పేరు మంత్రంలో మిగిలి, జంతువు ముఖం ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోవడం మాత్రం మాకు బాధగానే ఉంది.

ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ ఏర్పడ్డాక వాళ్లు ఎంచుకున్నది చుక్కల జింక. గిండీలో ఈ రెండూ ఒకే కంచెలో ఉన్నాయని మా బాబాయి నవ్వుతుంటాడు. ఆయన అత్తగారిది నందికొట్కూరు వైపు. అక్కడికి దగ్గర్లోనే రోళ్లపాడు. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేసి గడ్డిని కాపాడితే కృష్ణజింకలు మందలు మందలుగా పెరిగాయి, చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. ఆ ఊళ్లవాళ్ల ముందు ఇర్రి తగ్గిపోతోందని బాధపడితే, "అయితే మా శనగచేలోకి రండి, చూపిస్తాం" అంటారట. వాళ్ల కోపం న్యాయమే. కానీ బయలు ఉంచితే ఈ జంతువు ఎంత తొందరగా తేరుకుంటుందో కూడా అక్కడే తెలుస్తోంది. తమిళనాడులోనూ తీరాన కోడియక్కరై గడ్డినేలల్లో దీనికోసమే 1967నుంచి అభయారణ్యం ఉంది.

2016 డిసెంబర్లో వర్దా తుఫాను గిండీలో లెక్కలేనన్ని చెట్లు కూల్చింది. మళ్లీ నాటాలి అని ఊరంతా అన్నది. ఆ మాటలో తప్పు పట్టేదేమీ లేదు, ఎండలో నడిచేవాళ్లకు నీడ కావాలి. అయితే కొంత మేర నాటకుండా వదలండి, తుమ్మ కొట్టి గడ్డి రానివ్వండి అని అడిగిన గొంతులు మాకు పెద్దగా వినపడలేదు. ఖాళీ నేల కనపడితే మన ఊరికి రెండే ఆలోచనలు: కట్టడమో, నాటడమో. ఈ రెండింటికీ బయట ఉన్న నేలే ఇర్రికి కావలసింది.

ఈసారి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు చిల్డ్రన్స్ పార్కు కంచె దగ్గర వాళ్లతో ఒకపని చేయించండి. చుక్కలున్న వాటిని వదిలేసి, మరల కొమ్ములున్నవి ఎన్నో లెక్కపెట్టమనండి. నల్లనిది కనపడితే దాన్ని ఇర్రి అంటారని చెప్పండి.