తొమ్మిది చిన్న క్యాసెట్లు

2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఆ చలికాలం మా ఇండ్లల్లో సందూకులన్నీ తెరుచుకున్నాయి. ఎవరి బడి సర్టిఫికెట్ ఎక్కడుంది, అబ్బా పేరు ఓటరు లిస్టులో ఎట్లా పడింది, దాదా కొన్న ఇంటిజాగ కాగితంలో ఎట్లా ఉంది, ఇదే పని. మేమూ అమ్మీ సందూకు తీశాం. ఉర్దూలో రాసిన పాత కాగితాలు కొన్ని దొరికాయి. మా పిల్లలకు అవి చదవరావు. వాటి కింద పాత దుపట్టాలో చుట్టి, అరచేతిలో పట్టేంత క్యాసెట్లు తొమ్మిది. ఏ ఆఫీసులోనూ చెల్లని సాక్ష్యం.

1993 ఎండాకాలంలో చోటే చాచా దుబాయ్ నుంచి సెలవు మీద వస్తూ తెచ్చిన కెమెరా క్యాసెట్లవి. గల్ఫ్‌కు పోయినోళ్లు టేప్‌రికార్డర్, అత్తరు, దుప్పట్లు తెచ్చే కాలం. చాచా వీటితోపాటు కెమెరా తెచ్చాడు. మళ్లీ రెండేండ్లకు గానీ రాలేడు కదా, కనిపించినదల్లా పట్టాడు. ఫూఫీ షాదీ, వాకిట్లో మేకలు, దాదీ పాన్‌దాన్ ముందేసుకొని వక్కలు కత్తిరించడం, నల్లగొండ బస్సు దిగుతున్న చుట్టాలు.

డబ్బిస్తే డిస్కు చేసిచ్చే స్టూడియోలు టౌన్లో ఉన్నాయి. కానీ వీటిల్లో మెహందీ రాత్రి ఉంది. మగవాళ్లెవరూ లేరన్న ధైర్యంతో ఆడవాళ్లు పాడిన, ఆడిన రాత్రి. కెమెరా పట్టింది కూడా ఆడవాళ్లే. ‘గైరోళ్ల చేతుల్లో పెట్టేది లేదు’ అంది అమ్మీ. పర్దా గురించి మాకు అమ్మీతో పేచీలు చాలా ఉన్నాయి. ఈ ఒక్కదాంట్లో న్యాయం ఆమెదే. తమ బొమ్మ ఎవరు చూడాలో ఆ బొమ్మలోని మనుషులు కాక ఇంకెవరు చెప్పాలి?

సరే, ఇంట్లోని కంప్యూటర్‌తోనే మొదలుపెట్టాం. ఇది ఎనిమిది మిల్లీమీటర్ల టేపు. మామూలు వీసీఆర్‌లో పట్టదు. చాచా కెమెరా ఎప్పుడో పాడైపోయింది. జుమ్మేరాత్ బజార్‌లో వెతికి అలాంటిదే ఇంకొకటి తెచ్చుకున్నాం. టేపు అంచుల మీద తెల్లటి బూజు. దాన్ని అట్లాగే తిప్పితే బూజంతా కెమెరా హెడ్డుకు పట్టి మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. అందుకని బూజున్నవాటిని ఆఖరుకు పెట్టాం. హెడ్డును స్పిరిట్‌తో తుడవాలి, దూదితో కాదు, దూదిపోగులు హెడ్డుకు చిక్కుకుంటాయి. కెమెరా నుంచి పసుపు వైరు బొమ్మకు, తెల్ల వైరు మాటకు. మధ్యలో కంప్యూటర్‌కు తగిలించే చిన్న క్యాప్చర్ డబ్బీ. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మా సరి గీతలు, బేసి గీతలు అని రెండు సగాలు. అందుకే కంప్యూటర్ తెర మీద చేయి కదిలితే దువ్వెన పండ్లలా చీలి కనిపిస్తుంది. టీవీలో మళ్లీ కుదురుగానే ఉంటుంది. 4.7 జీబీ డిస్కులో రెండు గంటలు పడుతుంది. డీవీడీలే ఎందుకంటే, అమ్మీకి తన డీవీడీ ప్లేయర్ బటన్ తప్ప ఇంకేదీ వద్దు. రాసిన డిస్కులూ శాశ్వతం కావు గనుక ఫైళ్లు రెండు హార్డ్‌డిస్కుల్లో వేరుగా దాచాం.

ఈ పనిలో తొందరపడే వీల్లేదు. గంట టేపు ఎక్కాలంటే గంట ఆడాల్సిందే. మెహందీ క్యాసెట్ ఆపా ఒక్కతే గది తలుపేసుకొని ఎక్కించింది. మిగతావాటికి ఇల్లంతా కూర్చున్నాం.

ఆ యేడు పీర్ల పండుగ జూన్ ఆఖర్లో వచ్చింది. బాబ్రీ మస్జిద్ కూల్చి ఆరు నెలలు. టేపులో చూస్తే పీర్ల కొట్టం ముందు ఊరు ఊరంతా ఉంది. ఊదు పొగ, గుండం చుట్టూ ‘అసైదులా’ అని ఎగిరే కాళ్లు, దట్టీలు కట్టే చేతులు, మలీద కోసం పిల్లల తోపులాట. పీరునెత్తినాయన మావాడు కాదు, గొల్లాయన. పక్కింటి అమ్మ కుడుకలు పట్టుకొని నిలబడింది. దాదీ ఆమెను పిలిచి, ‘బువ్వ తిని పో అక్కా’ అంటోంది తెలుగులో, ‘క’ గొంతులోంచి పలుకుతూ. మాది తురకం అన్నోళ్లకు ఈ తెలుగు ఎవరిదని చెప్పాలి?

సెక్యులర్ మిత్రులకు ఈ టేపు వేస్తే ముచ్చటపడతారు. వాళ్లు తర్వాతి క్యాసెట్ కూడా చూడాలి. అందులో మా అరుగు మీద నలుగురు మగవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. బొంబాయి అని, డిసెంబర్ అని ముక్కలుగా వినిపిస్తుంది. వాకిట్లో అలికిడి. మాట చటుక్కున ఆగి తెలుగులోకి, వానల మీదికి మారింది. వచ్చినాయన నవ్వుతూ వాళ్ల పక్కనే కూర్చున్నాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. రెండు క్యాసెట్లూ ఒకే ఊరివి, ఒకే వారానివి.

ఇప్పుడు రియాద్‌లో ఉండే చాచా కొడుకు ఫోన్ చేశాడు. పీర్లు దీన్‌లో లేనివి, అది బిద్‌అత్, ఆ భాగం కోసేసి పంపమన్నాడు. పాటలూ వద్దట. బయటివాళ్లు మమ్మల్ని ఇక్కడివాళ్లు కాదంటారు. ఇంట్లోవాళ్లు ఇక్కడివైనవన్నీ తీసేయమంటారు. తీసేశాక మిగిలే మేం ఎవరం? నమాజు మానని దాదీ ఆ కొట్టం ముందూ నిలబడింది. అది ఆమె లెక్క, అల్లాతో ఆమె చూసుకుంటుంది. మేం కోయలేదు. వాడికి షాదీ డిస్కు ఒక్కటే పంపాం.

సంగతి పక్కింటికి చేరింది. ఆ అమ్మ పోయి చాలా యేండ్లయింది. వాళ్లింట్లో ఆమెది గోడకున్న ఫోటో తప్ప ఇంకేం లేదు. ఆమె కదిలేది, మాట్లాడేది మా క్యాసెట్లోనే. ఆమె కొడుకు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పీర్ల దగ్గరికి రావడం మానేశాడు. ఎన్నికల్లో ఏ జెండా పడతాడో మాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇవ్వాలా వద్దా అని మేం లోపల గుసగుసలు పోతుంటే అమ్మీయే డిస్కు తెచ్చి పెట్టింది. ముప్పై సెకన్లుంటుందేమో. మళ్లీ వేయమన్నాడు. నాలుగుసార్లు చూశాడు.

‘మా ఇంట్ల ప్లేయర్ లేదు చాచీ’ అన్నాడు లేస్తూ. పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాం.