పొద్దుటి కల్లు, మాపటి కల్లు

హైదరాబాద్‌లో మేనల్లుడు నన్నో మైక్రోబ్రూవరీకి లాక్కెళ్లాడు. చెక్కపలక మీద ఆరు బుల్లి గ్లాసులు. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన. ఆ రెండూ అందులో వెయ్యరు, అదంతా ఈస్టు చేసే గారడీ. స్టౌట్ అయితే మాడిన డికాషనే, నా వల్ల కాలేదు.

"తేడా తెలుస్తోందా మావయ్యా?" అన్నాడు.

తెలియకేం! తెనాలి–రేపల్లె రైలు దారిలో ఉన్న వేమూరు మాది. తాటికల్లు తెల్లవారుజామున దించితే తియ్యగా, చల్లగా, పల్చటి పాలలా ఉంటుంది. తాటాకు డొప్ప అంచు పెదవికి తగిలితే పచ్చి ఆకు వాసన. ఎండెక్కేసరికి అదే కల్లు బుసబుసా నురగ కట్టి ముక్కుకెక్కుతుంది. సాయంత్రానికి పులిసిపోతుంది, తాగితే మొహం చిట్లిస్తాం. ఒకే చెట్టు, ఒకే కుండ, మూడు రుచులు! ఈతకల్లుది మళ్లీ వేరే దారి.

బీరుకి ఈస్టు కొలిచి వేస్తారు. కల్లుకి ఎవరూ వెయ్యరు, గాలిలోదీ కుండలోదీ చాలు. బెల్జియం వాళ్ల లాంబిక్ బీరూ ఇలా గాలి ఈస్టుతో పులిసేదే. కాకపోతే దాన్ని ఏళ్ల తరబడి పీపాల్లో దాస్తారు, మన గీత కార్మికుడికి ఒక పూటే గడువు. కుండలోపల సున్నం పూస్తే పులుపు ఆగుతుంది, అదే నీరా. దాని కోసం 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ఓ కేఫే తెరిచారు.

మేనల్లుడికి మాటిచ్చాను, వేసవిలో మా ఊరు తీసుకెళ్తానని. వాడు మాత్రం ఆరింటికల్లా లేవాలి.