బంతి తన్నితే బువ్వ వస్తదా?

మా ఊరు బీర్పూర్. వరి కోతలు అయిపోయినంక రోళ్లవాగు కింది మడులే మాకు ఆటస్థలం. కొయ్యకాళ్ళు అరికాళ్ళకు గుచ్చుకున్నా లెక్కచేయక పొద్దుగూకే దాకా ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. అందరిలో మేటి మా అన్న. అతని కాలికి బంతి అందిందంటే గోలే! మా బాపు మాత్రం గట్టు మీద నిలబడి ఒకటే మాట అడిగేవాడు: "బంతి తన్నితే బువ్వ వస్తదా బిడ్డా?" అన్న దగ్గర జవాబు లేదు. ఇంటర్ కాగానే, మా దిక్కు ఎందరో యువకుల వలెనే, అప్పు చేసి సౌదీకి పోయాడు.

2023 మార్చిలో ఒక రాత్రి రియాద్ నుండి ఫోన్. "తమ్మీ! ఈడ సంతోష్ ట్రోఫీ ఫైనల్ అట. మనోళ్ళున్నరా?"

"లేరన్నా. కర్ణాటక, మేఘాలయ" అన్నాను.

ఆ రోజు అన్నకు డ్యూటీ. అదే ఊళ్ళో ఉండి కూడా చూడలేకపోయాడు. కర్ణాటక 3-2తో గెలిచింది. దేశంలో కళ తప్పిన కప్పుకు విలువ తేవాలని ఫైనల్‌ను అంత దూరం తీసుకపోయారు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. మా ఊరి పిల్లల లెక్కనే కప్పు కూడా గల్ఫ్ బాట పట్టింది కదా!

మిత్రులారా! 1941లో మొదలైన ఈ రాష్ట్రాల పోటీకి ఒకప్పుడు ఎంత గౌరవం! 1955-56, 1956-57లలో వరుసగా హైదరాబాద్ జట్టే విజేత. 1965-66లో ఆంధ్రప్రదేశ్. బొంబాయి రోవర్స్ కప్పునైతే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు ఐదేళ్ళు ఎవరికీ వదలలేదు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ పోలీస్ జట్టు పేరులోనే మా బాపు ప్రశ్నకు జవాబున్నది. ఆట వచ్చినవాడికి కొలువు దొరికేది. ఇంట్లో పొయ్యి వెలిగేది.

తరువాత 1996లో జాతీయ లీగ్, 2014లో ఐ.ఎస్.ఎల్. వచ్చాయి. పేరున్న ఆటగాళ్ళు క్లబ్బులకే పరిమితమయ్యారు. రాష్ట్ర జట్టుకు ఆడటం చిన్న మెట్టయింది. రోవర్స్ కప్పు ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది.

2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలో జరిగింది. జగిత్యాలలో బస్సెక్కి పోయి చూశాను. ఆతిథ్యమిచ్చిన మన తెలంగాణ క్వార్టర్ ఫైనల్‌కు కూడా చేరలేదు. ఆట ముగిసే వేళ రోబి హన్స్‌దా కొట్టిన గోల్‌తో బెంగాల్ కేరళను ఓడించి 33వ సారి కప్పు ఎత్తుకున్నది. కొద్ది రోజులకే అక్కడి ప్రభుత్వం ఆ ఆటగాళ్ళకు కొలువులు ప్రకటించింది. ఆ వార్త బాపుకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఈడ గూడ గిట్లుంటే పెద్దోన్ని పంపకపోదును" అన్నాడు.

కప్పు ప్రతిష్ఠ వెండిలో లేదు, వేదికలో లేదు. మండలం నుండి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్ర జట్టుకు ఒక నిచ్చెన కావాలి. దాని పై మెట్టు మీద ఒక కొలువు ఉండాలి. అప్పుడు ఏ రైతూ గట్టు మీద నిలబడి ఆ ప్రశ్న అడగడు.

వచ్చే యాసంగి కోతలకు అన్న ఇంటికి వస్తానన్నాడు. కొత్త బంతి కొని ఉంచాను.