టీవీ వెనుక చిన్న కంప్యూటరు, తెర మీద తెలుగు అక్షరం

హోసూరు ప్రాంతపు తెలుగు ఇళ్ళలో పిల్లలు తెలుగే మాట్లాడతారు. పొలం దగ్గర, వంటింట్లో, పెళ్ళిపందిట్లో వారి నోట వినిపించేది తెలుగే. అయితే అదే పిల్లవాని చేతికి తెలుగు శుభలేఖ ఇచ్చి చదవమంటే మొదటి పంక్తి దగ్గరే ఆగిపోతాడు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఆ ఏటి ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. ఆ చట్టం గురించి చెప్పవలసిన మాటలు చాలా ఉన్నాయి. ఈనాటి విషయం అది కాదు. బడిలో జరగనిది ఇంట్లో ఎంతవరకు జరపగలం అన్నదే నన్ను కొన్నేళ్ళుగా పట్టుకున్న చింత. ఆ చింతలో భాగంగానే మా ఇంటి టీవీ వెనుక ఉన్న చిన్న కంప్యూటరును ఈమధ్య మార్చాను. ఎందుకు మార్చారు, ఎంత కష్టపడ్డారు అని తోటి ఉపాధ్యాయులు, ఒకరిద్దరు తల్లిదండ్రులు అడిగినందున ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ కంప్యూటరు పేరు రాస్ప్‌బెరీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొందరు విద్యావేత్తలు, ఇంజనీర్లు కలిసి, బడిపిల్లలు ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకోవాలనే ఉద్దేశంతో దానిని రూపొందించారు. 2012 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. అరచేతిలో ఇమిడే పలక, దానిమీదనే సమస్తమూ. పిల్లల చదువు కోసం పుట్టిన యంత్రం లోకమంతటా ఇళ్ళలో సినిమాలు చూపించే పెట్టెగా స్థిరపడిపోవడం ఒక వింత. మా ఇంట్లో మాత్రం అది తిరిగి చదువు దగ్గరికే వచ్చింది.

మేము మొదట తెచ్చుకున్నది ఆ తొలి తరపు బోర్డు: 700 మెగాహెర్ట్జుల వేగం, 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి. ఇంత బలహీనమైన యంత్రం పెద్ద తెర మీద సినిమాను తడబడకుండా ఎలా చూపిస్తుందని అందరూ అడుగుతారు. దృశ్యాన్ని విప్పే పనిని ప్రధాన ప్రాసెసరు చేయదు. దాని పక్కనే ఉన్న చిత్రవిభాగం, అందుకోసమే తయారైనది, చేస్తుంది. హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియో అయితే పాత బోర్డు కూడా సాఫీగా నడిపేది. డి.వి.డి.లలో ఉండే ఎంపెగ్-2 పద్ధతికి మాత్రం ఆ తరంలో కొద్దిపాటి రుసుము చెల్లించి అనుమతి సంఖ్య కొనుక్కోవలసి వచ్చేది. ఇక కొత్తగా వస్తున్న హెచ్.ఇ.వి.సి. వీడియోల ముందు అది చేతులెత్తేసేది.

దానిమీద నడిచేది కోడీ అనే ఉచిత మృదుసామగ్రి. ఎక్స్‌బీఎంసీ అనే పాత పేరును 2014లో మార్చుకుంది. వీడియోలు, పాటలు, ఛాయాచిత్రాలు ఏ సంచయంలో ఉన్నా వరుసలుగా పేర్చి టీవీలో చూపిస్తుంది. టీవీ రిమోటుతోనే దానిని నడపవచ్చు, హెచ్.డి.ఎం.ఐ. తీగ గుండా రిమోటు మీటల సంకేతం కంప్యూటరుకు చేరే ఏర్పాటు ఉంది. మా ఆవిడ మౌసు పట్టదు, రిమోటు పడుతుంది. ఈ ఒక్క సౌకర్యం లేకుంటే ఆ పెట్టె ఏనాడో అటకెక్కేది.

ఇంతకూ అందులో ఏముంది? సినిమాలు కొన్ని ఉన్నాయి, కాదనను. ముఖ్యమైనవి మా అమ్మ పాటలు. 1990లలో మా బావగారు టేపురికార్డరు కొన్నప్పుడు అమ్మ చేత, మా పెద్దమ్మ చేత పాడించి పట్టిన కాసెట్లు అరవైకి పైగా ఉన్నాయి. దంపుడు పాటలు, పెళ్ళిపాటలు, గొబ్బిపాటలు, మధ్యమధ్యలో కోడి కూత, ఎవరో పిలిస్తే అమ్మ పాట ఆపి "వస్తాండా" అనడం, అన్నీ ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేదు. కాసెట్ల పట్టీ ఏటేటా బలహీనమవుతున్నది. వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కిస్తూ వస్తున్నాను. గంట కాసెట్టును ఏమీ కుదించకుండా సి.డి. నాణ్యతతో పడితే సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో ఉంచితే చోటు బాగా కలిసివస్తుంది. అసలు ప్రతిని ఎంపీ3గా మాత్రమే ఉంచవద్దని మిత్రులకు నా సలహా. వినడానికి ఎంపీ3, దాచడానికి ఫ్లాక్.

పాటలు వింటే మాట వస్తుంది, అక్షరం రాదు. ఇక్కడే నాకు మరొక ఆలోచన దొరికింది. అహమ్మదాబాదు భారతీయ మేనేజిమెంటు సంస్థకు చెందిన ఆచార్య బ్రిజ్ కొఠారీ 1996లో ఒక సులువైన మార్గాన్ని ప్రతిపాదించారు. టీవీలో సినిమాపాట వస్తున్నప్పుడు దాని మాటలనే, అదే భాషలో, తెర అడుగున చూపాలి. పాడుతున్న మాట ఏదో చూసేవానికి ముందే తెలుసు కనుక కన్ను అక్షరాన్ని పట్టుకుంటుంది; ఆ మేరకు చదవడం గట్టిపడుతుంది. గుజరాతీలోనూ, తరువాత దూరదర్శన్ చిత్రహార్‌లోనూ దీనిని అమలు చేశారు. పాటలో పల్లవి పదేపదే వస్తుంది. వాచకంలో ఒకే వాక్యాన్ని పదిసార్లు చదవమంటే పిల్లలు విసుక్కుంటారు. పాటలో విసుగు లేదు.

మా అమ్మ పాటలకు అలా అక్షరాలు కట్టాలనుకున్నాను. ఒక ఛాయాచిత్రాన్ని నిశ్చలంగా తెర మీద ఉంచి, వెనుక పాటను కలిపి వీడియోగా చేయాలి. బొమ్మ కదలదు కనుక ఫైలు పెద్దది కాదు. ఉపశీర్షికల ఫైలు మామూలు అక్షరాల ఫైలే: వరుస సంఖ్య, ఏ క్షణం నుంచి ఏ క్షణం వరకు, చూపవలసిన పంక్తి, ఆపైన ఖాళీ గీత. వీడియోకు ఏ పేరు ఉందో దీనికీ అదే పేరు పెట్టి ఒకే చోట ఉంచాలి. భద్రపరిచేటప్పుడు యు.టి.ఎఫ్-8 అని ఎంచుకోవడం మరువరాదు, లేకుంటే తెలుగుకు బదులు ప్రశ్నార్థకాల వరుస దర్శనమిస్తుంది.

అంతా సిద్ధమై టీవీలో పెట్టి చూస్తే, అక్షరాలు వచ్చాయి కానీ తెలుగు రాలేదు. ‘లక్ష్మి’ అన్న పేరులో క, ష, మ విడివిడిగా పొల్లులతో నిలబడ్డాయి. కొమ్ములు పక్క అక్షరం మీదికి జరిగాయి. ఖతి మార్చి చూశాను. పోతన పెట్టినా, లోహిత్ పెట్టినా అదే వరస. లోపం ఖతిలో లేదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు ఒకదానికొకటి అతుక్కొని రూపం మారుతాయి. ఆ కూర్పు చేసే భాగం మృదుసామగ్రిలో వేరే ఉండాలి. కోడీ కొత్త కూర్పులు ఉపశీర్షికలను లిబాస్ అనే భాగం ద్వారా చూపిస్తాయి. అది హార్ఫ్‌బజ్ అనే అక్షరకూర్పు సాధనాన్ని వాడుకుంటుంది. పాత కూర్పులో మామూలు ఉపశీర్షికలకు ఆ దారి లేదు. కొత్త కూర్పు వేసుకుందామంటే మా పాత బోర్డుకు అది రాదు. మేము వాడే లిబ్రెఎలెక్ అనే నిర్వాహక వ్యవస్థ, 2021లో వచ్చిన పదవ కూర్పు నుంచి తొలి తరపు బోర్డులను వదిలివేసింది.

చదవడం నేర్చుకుంటున్న పిల్ల కంటి ముందు విరిగిన ఒత్తు పెట్టడం కంటే ఏమీ పెట్టకపోవడం మేలు. యంత్రం మార్చడానికి నాకు ఈ ఒక్క కారణం చాలింది.

ఈ బోర్డులలో జ్ఞాపకశక్తిని విడిగా పెంచుకునే వీలు లేదు, చిప్పు పలకకే అతికి ఉంటుంది. కాబట్టి మెరుగుపరచడం అంటే బోర్డును మార్చి మిగిలినవి నిలుపుకోవడమే. 2019లో వచ్చిన నాలుగవ తరపు దానిని ఎంచుకున్నాను. 2023లో వచ్చిన అయిదవది వేగంలో దానిని మించినదే. అయితే దానికి 5 ఆంపియర్ల విద్యుత్ సరఫరా ఉండాలంటారు, పైగా అందులో హెచ్.264ను విప్పే ప్రత్యేక విభాగాన్ని తీసివేసి ఆ పనిని ప్రాసెసరుకే అప్పగించారు. ఆ ప్రాసెసరు దానిని మోయగలదు, నిజమే. మా సంచయంలో ముప్పాతిక వంతు హెచ్.264 అయినప్పుడు ఎక్కువ వేడిని కోరి తెచ్చుకోవడం ఎందుకు? నాలుగవ తరంలో 2 గిగాబైట్లది ఈ పనికి పుష్కలం. ఎంపెగ్-2ను దాని ప్రాసెసరే సునాయాసంగా నడిపిస్తుంది, అనుమతి సంఖ్యల గొడవ లేదు.

కొనబోయేవారికి రెండు మూడు సంగతులు. పాత హెచ్.డి.ఎం.ఐ. తీగ దీనికి పట్టదు. బోర్డు వైపు చిన్న కొన, అంటే మైక్రో హెచ్.డి.ఎం.ఐ. ఉండాలి. ఇంట్లో పడి ఉన్న ఫోను చార్జరుతో సరిపెట్టుకోవద్దు. 5 వోల్టులు, 3 ఆంపియర్లు స్థిరంగా రానప్పుడు తెర మూలన మెరుపు గుర్తు కనిపిస్తుంది, పని మందగిస్తుంది. ఫ్యాను లేకుండా, మొత్తం పెట్టే వేడిని పీల్చుకొనే అల్యూమినియం పెట్టెను తీసుకున్నాను. 80 డిగ్రీలు దాటబోతే యంత్రం తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మా ఇంట్లో వేసవి మధ్యాహ్నం కూడా అంతదాకా పోలేదు. నిశ్శబ్దం ముఖ్యం. కాసెట్టు గరగర వెనుక అమ్మ గొంతు వినవలసిన చోట ఫ్యాను మోత ఎవరికి కావాలి?

కరెంటు లెక్క కూడా చెబుతాను. సగటున 5 వాట్లు అనుకుంటే, రేయింబవళ్ళు ఆపకుండా నడిపినా రెండు నెలల బిల్లులో 7.2 యూనిట్లు. 80 వాట్ల పాత బల్లకంప్యూటరును అదే విధంగా ఉంచితే 115.2 యూనిట్లు. తమిళనాడులో 2016 నుంచి ఇళ్ళకు రెండు నెలలకు ఇస్తున్న ఉచిత 100 యూనిట్లను అదొక్కటే మింగివేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద కూడా చిన్నదానికి బరువు ఉండదు.

కరెంటు హఠాత్తుగా పోవడం వల్ల కలిగే అసలు బాధ వేరు. వ్రాస్తున్న సమయంలో సరఫరా ఆగితే ఎస్.డి. కార్డులోని వ్యవస్థ చెడిపోవచ్చు. మా పాత బోర్డులో ఒకసారి అలాగే జరిగింది. పాటలు వేరే డిస్కులో ఉన్నందున క్షేమం. కొత్తదానిలోనూ కార్డు మీద వ్యవస్థను మాత్రమే ఉంచి, పాటలన్నిటినీ యు.ఎస్.బి. 3 ద్వారా తగిలించిన ఎస్.ఎస్.డి.లో పెట్టాను. దానికి ఒక నకలు బీరువాలో, మరొకటి బెంగళూరులో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాయి.

"ఇంత శ్రమ ఎందుకండీ, యూట్యూబులో తెలుగు కావలసినంత ఉంది కదా" అని ఒక తండ్రి అన్నారు. ఉంది, మేమూ చూస్తాము. కానీ అందులో ఒక పాట అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలవుతుంది, మూడవ దానికి భాష మారిపోతుంది. మన ఊరి పాట, మన ఇంటి గొంతు అక్కడ లేవు. వాటి కింద అక్షరాలు కట్టేవారు అంతకంటే లేరు.

కొత్త బోర్డు బిగించి, నోటో తెలుగు ఖతిని పెద్దదిగా పెట్టి, మొదటి పాటను నడిపించాను. ‘లక్ష్మి’ చక్కగా కూర్చుంది. నాలుగవ తరగతి చదువుతున్న మా మనుమరాలు రెండు రోజులు బొమ్మను చూసింది, మూడవ రోజు పల్లవి దగ్గర వేలు పెట్టి చదివింది. తనకు పాట కంఠస్థం కనుక చదివిందో, చూసి చెప్పిందో నాకు తెలియలేదు. అందుకని శబ్దం ఆపి, మధ్యలో ఒక చరణం దగ్గర నిలిపాను. మెల్లగా, కూడబలుక్కుంటూ, ఒక్క మాట తప్ప మిగిలినదంతా చదివింది.

ఆ తప్పిన మాట నుంచే మా ఇంట్లో ఒక చర్చ పుట్టింది. "తాతా, ముత్తవ్వ ‘వచ్చినాడు’ అంటుంది. నువ్వు తెచ్చిన పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంది. ఏది సరి?" అని అడిగింది. ఉపశీర్షికలను అమ్మ పలికినట్టే వ్రాయాలా, వాచకపు భాషలోకి మార్చాలా అన్నది నేను ముందే తేల్చుకున్నాను. పలికినట్టే వ్రాశాను. చెవికి ఒకటి, కంటికి ఒకటి వస్తే అక్షరానికీ శబ్దానికీ ఉన్న ముడి ఊడిపోతుంది. పైగా తన ఇంటి మాట తప్పు అని పిల్లకు తోచడం నాకు ఇష్టం లేదు. రెండూ సరే అనీ, ఒకటి మన సీమ మాట, మరొకటి పుస్తకపు మాట అనీ చెప్పాను. "అయితే పరీక్షలో ఏది వ్రాయాలి?" అంది. తెలుగు పరీక్షే లేని పిల్ల ఆ ప్రశ్న వేసేసరికి మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పటికి పదకొండు పాటలకు అక్షరాలు కట్టాను. మూడు నిమిషాల పాటకు నాకు ఒక సాయంత్రం పడుతున్నది. పంక్తికి నాలుగైదు మాటలకు మించకుండా, పిల్ల చదివి ముగించేదాకా తెర మీద నిలిచేలా చూస్తున్నాను. పాత బోర్డును పారవేయలేదు. శబ్దం మాత్రమే వినిపించే పెట్టెగా దానిని మా వీధిలోని ఒక ఉపాధ్యాయురాలి ఇంట్లో పెట్టాము, సాయంత్రం పిల్లలు అక్కడ చేరుతారు. ఈ పదకొండు పాటలు, వాటి ఉపశీర్షికలు కావలసిన తోటి ఉపాధ్యాయులు పెన్‌డ్రైవు తెచ్చుకుంటే ఎక్కించి ఇస్తాను. మీ ఇళ్ళలో పాత కాసెట్లు ఉంటే అవి కూడా తీసుకురండి, ఆడే టేపురికార్డరు మా దగ్గర ఇంకా ఒకటి ఉంది.