చిన్నవి వెళ్తాయి

2021 వేసవి. అమ్మ పోయి మూడు నెలలు. నాన్న హైదరాబాదు రానన్నాడు. నేనే లాప్‌టాప్ పట్టుకుని తెనాలి దగ్గర మా ఊరికి వెళ్ళాను. కనెక్షన్ బాగున్నన్నాళ్ళే అక్కడ ఉండొచ్చని మేనేజర్ ముందే చెప్పాడు.

మొదటిరోజే చిక్కొచ్చింది. వీపీఎన్ కనెక్ట్ అవుతుంది. పింగ్ చేస్తే సర్వర్ పలుకుతుంది. చిన్న కమాండ్లకి జవాబొస్తుంది. కాస్త పెద్ద ఫైలు తెరిస్తే మాత్రం తెర అలా నిలబడిపోతుంది, ఎర్రర్ అన్నా రాదు. హెల్ప్‌డెస్క్ వాళ్ళు స్పీడ్ టెస్ట్ చేయమన్నారు. స్పీడుకేం ఢోకా లేదు. పాస్‌వర్డ్ మార్చమన్నారు. అదీ అయింది.

నాలుగో రాత్రి వీపీఎన్ ఆపేసి, పాకెట్‌ని ముక్కలు చెయ్యొద్దనే షరతుతో రకరకాల సైజుల్లో పింగ్ చేస్తూ కూర్చున్నాను. 1472 బైట్లకి జవాబు లేదు. 1464కి వచ్చింది. హెడర్లు 28 కలిపితే 1492. అప్పుడు వెలిగింది. మామూలు ఈథర్నెట్‌లో 1500 పడుతుంది. మా కేబులాయన ఇచ్చిన లైను పీపీపీఓఈ, దానికే 8 బైట్లు పోతాయి. వీపీఎన్ ఏమో ప్రతి పాకెట్‌నీ ఇంకో కవర్లో పెట్టి, 1500 పడుతుందనుకుని పంపుతోంది.

పట్టనప్పుడు దారిలోని రౌటర్ "పెద్దదైంది, తగ్గించు" అని వెనక్కి కబురు పెట్టాలి. 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1191 చెప్పే పద్ధతి అదే. ఆ కబుర్ని ఏ ఫైర్‌వాలో మింగేస్తే పంపినవాడికీ తెలీదు, ఎదురుచూసేవాడికీ తెలీదు. మామూలు కనెక్షన్లకి రౌటర్ మొదట్లోనే సైజు సర్దేస్తుంది, అందుకే స్పీడ్ టెస్ట్ బాగుంది. ఎన్‌క్రిప్ట్ అయిన టనెల్ లోపలికి అది చూడలేదు.

వీపీఎన్ అడాప్టర్ ఎంటీయూ 1300కి తగ్గించాను. ఫైలు తెరుచుకుంది.

పొద్దున్న కాఫీ తాగుతూ నాన్న అడిగాడు, "రాత్రంతా ఏం చేశావురా?" రైలు బ్రిడ్జి కింద పట్టని లారీ కథగా చెప్పాను. సైకిళ్ళు, ఆటోలు వెళ్ళిపోతాయి. లారీ ఆగిపోతుంది. ఆగిందని మాత్రం ఎవరూ చెప్పరు.

కాసేపు గ్లాసుకేసి చూస్తూ ఊరుకున్నాడు. "మీ అమ్మ కూడా అంతే. తలనొప్పి, కాళ్ళు పీకడం, అన్నీ చెప్పేది. అసలుది చెప్పలేదు."

అప్పటిదాకా మా ఇద్దరి మధ్యా "తిన్నావా", "పడుకో" తప్ప మాటల్లేవు. ఆ రోజు పదింటి మీటింగుకి నేను వెళ్ళలేదు.