మూడవ తీగ

చరిత్ర విద్యార్థికి పాత వస్తువులను పరిశీలించటం అలవాటు. వాటిని తయారుచేయటం అలవాటు కాదు. శాసనాన్ని చదువుతాము, నాణేన్ని తూచి చూస్తాము. ఉలిని చేతపట్టే అవకాశం మాత్రం అరుదు. గిటారు నేర్చుకుంటున్న మా అబ్బాయి కోసం, విడిభాగాల పెట్టెగా లభించే వాల్వు ఆంప్లిఫయర్‌ను ఇంట్లో కూర్చటానికి పూనుకున్నప్పుడు నాకు ఆ అవకాశం కలిగింది.

1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును రూపొందించాడు. 1906లో లీ డి ఫారెస్ట్ వాటికి గ్రిడ్ అనే మూడవదాన్ని చేర్చాడు. కాలువ నీటిని తూము అదుపు చేసినట్లు, గ్రిడ్‌పై పడే స్వల్ప స్పందన ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన వాల్వులు ఒకప్పుడు మన రేడియోలలో వెలిగేవి. 1947లో పుట్టిన ట్రాన్సిస్టర్ క్రమంగా వాటిని తొలగించినా, గిటారు వాద్యకారులు మాత్రం వాల్వును విడిచిపెట్టలేదు. ధ్వని హద్దు మీరినప్పుడు తరంగ శిఖరాలు ఒక్కసారిగా తెగిపోక, కొంత నునుపుగా ఒరగటమే వారికి ప్రీతిపాత్రమైన నాదం.

నేను కూర్చినది 1950ల నాటి ఫెండర్ చాంప్ నమూనా. 12ఏఎక్స్7, 6వి6, 5వై3 అనే మూడే వాల్వులు. శక్తి సుమారు 5 వాట్లు. వలయపటం చదవటం ప్రాచీన లిపి చదవటం వంటిదే: గుర్తులు పట్టుబడిన తరువాత ప్రతి గీత వెనుక ఒక కారణం కనిపిస్తుంది. ఫిలమెంటు తీగలను జంటగా పెనవేయటం హోరు తగ్గించటానికి. స్పీకరు కలపకుండా విద్యుత్తు ఇవ్వరాదనటం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రక్షణకు.

ఇది వినోదం మాత్రమే కాదని తెలియజేసేది ఇందులోని వోల్టేజి. 6వి6 వాల్వు ప్లేటుకు 300 వోల్టులకు పైగా అందుతుంది. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. నిరోధకం ద్వారా దాన్ని ఖాళీచేసి, మీటరుతో నిర్ధారించుకున్న తరువాతనే లోపల చేయి పెట్టాలి.

అంతకంటె నన్ను ఆలోచింపజేసినది మరొకటి. గిటారు లోహపు తీగలు కేబుల్ కవచం ద్వారా ఆంప్లిఫయర్ ఇనుప చట్రానికి కలిసి ఉంటాయి. లోపల విద్యుత్ తీగ ఊడి చట్రాన్ని తాకితే ఆ ప్రమాదం నేరుగా వాయించేవారి వేళ్ళకు చేరుతుంది. ఆనాటి అమెరికన్ ఆంప్లిఫయర్లకు రెండే తీగల త్రాడు ఉండేది. పాత నమూనాను అక్షరాలా అనుసరించటమే ప్రామాణికత అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. నేను మొదట బిగించినది మూడవదైన ఎర్తు తీగనే. గోడ సాకెట్టులోని ఎర్తును కూడా ఎలక్ట్రీషియన్‌చేత పరీక్షింపజేశాను.

మొదటిసారి విద్యుత్తు ఇచ్చేటప్పుడు, వరుసలో ఒక ఫిలమెంటు బల్బును కలిపాను. షార్టు ఉంటే అది నిండుగా వెలుగుతుంది. మా బల్బు ఒక్కసారి మెరిసి మందగించింది. వాల్వులలో నారింజరంగు కాంతి మెల్లగా పుంజుకుంది.

“నాన్నా, ఇప్పుడు తాకవచ్చా?” అన్నాడు అబ్బాయి.

మీటరుతో మరొక్కసారి చట్రాన్ని, తీగలను పరీక్షించి, “తాకు” అన్నాను. పూర్వుల పనితనాన్ని గౌరవించటమంటే వారి కాలపు లోపాలను కూడా భద్రపరచటం కాదు. వారు పలికించిన నాదాన్ని నిలుపుకోవాలి. వారు విడిచిపెట్టిన తీగను మనం కలపాలి.